పట్టు గోదాము సీసపు ముద్ర

నేను ఒక సీసపు ముద్రను. అరచేతిలో ఇమిడిపోయేంత దాన్ని. మనుషులు ఒకరినొకరు నమ్మేవాళ్లయితే నేను పుట్టే అవసరమే ఉండేది కాదు.

వెయ్యేళ్ల కిందటి మాట. ఇప్పటి ఇస్తాంబుల్ అప్పుడు కాన్‌స్టాంటినోపుల్, బైజాంటియమ్ చక్రవర్తుల రాజధాని. రేవు పక్కన వాళ్ల పట్టు గోదాము ఉండేది. పట్టుమూటకు కట్టిన దారాన్ని నా కడుపులోని సన్నటి బెజ్జంలోంచి దూర్చి, చెక్కడపు పని చేసిన ఇనప పటకారు మధ్య నన్ను ఇరికించి, సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. దాంతో ఒకవైపు మేరీమాత బొమ్మ, రెండోవైపు గోదాము అధికారి పేరు పడ్డాయి. ఇక దారం తెంపకుండా ఆ మూట విప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ సుత్తి పట్టిన చెయ్యి ఒక ఆడమనిషిది. పేరు అనస్తాసో. గోదాముకు ఆమే అధికారి. దెబ్బ వేశాక మూటను లాగి చూసేది, నన్ను తిప్పి చూసేది, చివరికి మోసేవాడి మొహం చూసేది. అనుమానపు బుద్ధి నాకు ఆమె దగ్గరే అబ్బింది.

ఆ తర్వాత శతాబ్దాల పాటు మట్టిలో పడున్నాను. ఎవరో ఇంటికి పునాదులు తవ్వుతూ నన్ను బయటికి తీసి, బజార్లో పాత సామాన్ల కొట్టుకు అమ్మేశారు. అక్కడికి ఒక ఫ్రెంచి యువకుడు వచ్చాడు. మడమలు అరిగిన బూట్లు, మెడలో మాత్రం మంచి టై. నన్ను తూచాడు, వాసన చూశాడు, దారపు బెజ్జంలోకి భూతద్దం పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. దొంగ ముద్రలకు ఆ బెజ్జం సరిగా కుదరదు. అతను నన్ను ఎంతసేపు అనుమానించాడో, నేనూ అతన్ని అంతసేపూ అనుమానించాను. చివరికి కొనుక్కున్నాడు.

అతని పేరు ఫెర్నాన్ లుబ్రెక్. సముద్రం పక్క చిన్న ఊళ్లో గడియారాలు బాగుచేసే ఆయన కొడుకు. చిన్నప్పుడు చర్చి ఫాదరీ గదిలో బంగారు రంగు రాళ్లతో పేర్చిన ఒక రాణి బొమ్మ ఫోటో చూసి, ఈవిడ ఎవరని అడిగాడట. ఫాదరీకి తెలియలేదు. ఆ ప్రశ్న వెంట పడే అతను గ్రీకు నేర్చుకున్నాడు, పెద్ద చదువులు చదివాడు. తోటివాళ్లంతా రోము, ఏథెన్సు అంటుంటే, ఎవరికీ అక్కర్లేని, ఆ రాణిగారి బైజాంటియమ్‌ను పట్టుకున్నాడు. ఎవరికీ అక్కర్లేనిది కాబట్టి పారిస్‌లో ఉద్యోగం దొరకలేదు. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాంలో బడిపంతులు కొలువు దొరికింది. పొగాకు డబ్బాలో పడుకుని నేనూ గోదావరి ఒడ్డుకు చేరాను.

అక్కడ రోజూ సాయంత్రం అతను నన్ను బల్లమీద పెట్టుకుని, అరిగిపోయిన అక్షరాలను పక్కనుంచి పడే దీపం వెలుతురులో చదివేవాడు. ఒకరోజు కుర్చీలోంచి లేచి గెంతాడు. ఒక ఆడమనిషి చక్రవర్తి పట్టు గోదాముకు అధికారి! ఇలాంటిది అంతకుముందు ఎవరూ చదవలేదు. తన తొలి పుస్తకాన్ని దాని చుట్టూ అల్లుకున్నాడు. ఆ రోజుల్లోనే కాకినాడ కాలేజీలో బి.ఏ. చదివిన కమలిని ఫ్రెంచి నేర్చుకోవడానికి వచ్చి, ఇతనికి తెలుగు నేర్పించి, ఇతన్ని పెళ్లాడింది. అంత చదువుకున్నవాడు పరీక్షలు పెట్టకుండా ఒక మనిషిని ఎలా నమ్మాడో నాకు అర్థం కాలేదు.

ఫెర్నాన్‌కు పారిస్‌లో ఒక బడిలో చిన్న ఉద్యోగం దొరికింది, అక్కడే కాపురం పెట్టారు. అబ్బ, ఆ పిల్లకు ప్రతిదీ సంబరమే! చంకలో పెట్టుకుని తెచ్చే పొడుగాటి రొట్టె, వంతెన మీద గాలికి గొడుగులా లేచే చీర చెంగు, కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలో వేలితో రాసుకునే తెలుగు. పొద్దున్నే ఇద్దరూ ఒకే పెద్ద గిన్నెలో కాఫీ పోసుకుని వంతులవారీగా తాగేవారు.

"ఏవండోయ్, మీ వంతు అయిపోయింది. మీసం తీసుకోండి గిన్నెలోంచి."

"ఆయ్, ఇంకొక్క గుక్కండీ," అనేవాడు ఫెర్నాన్, యానాం యాసలో.

పుస్తకానికి పేరొచ్చింది. దాంతో ఫెర్నాన్ ఓక్ చెక్కతో ఒక బీరువా చేయించి, నన్నూ తర్వాత కొన్న మరికొన్ని ముద్రలనూ దాని సొరుగుల్లో పెట్టాడు. "గాలి కూడా దూరదు," అని కమలినికి గర్వంగా చూపించాడు. చోటు చాలక మిగిలిన ముద్రలు పొగాకు డబ్బాలోనే ఉండిపోయాయి.

తర్వాత పరిశోధనా సంస్థలో ఆచార్య పదవి ఖాళీ అయింది. పోటీకి మోర్వాన్ అనే పెద్దమనిషి వచ్చాడు. పట్టు గోదాముకు ఆడ అధికారా, లుబ్రెక్ కలగన్నాడని అతను అందరితో అంటున్నాడు. అసలు ముద్రను సభలో చూడాలని సంస్థవాళ్లు కబురు పెట్టారు. ఫెర్నాన్ సొరుగు తెరిచాడు.

నా ఒంటి నిండా తెల్లటి పొడి పట్టింది. సగం అక్షరాలు పిండిలా రాలిపోతున్నాయి.

కింది వాటాలో ఉండే అతని అక్క ఓర్తాన్స్ పరుగున వచ్చింది. "నీ పెళ్లాం ఇత్తడి చెంబులు దేంతో తోముతుందో అడిగావా తమ్ముడూ? ఆ నల్లటి పులుపుతో! మెరుస్తుంది కదా అని దీన్నీ రుద్దేసి ఉంటుంది."

ఫెర్నాన్ నీళ్లు నమిలాడు. "కమలినీ, ముద్రను ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఇంట్లో ఉండేది మనిద్దరమే కదండీ. 'ఎవరైనా' ఏంటి? నువ్వు ముట్టుకున్నావా అని సూటిగా అడగొచ్చుగా."

అతను సూటిగా అడగలేదు. సొరుగుకు తాళం వేసి, తాళంచెవిని కోటు గొలుసుకు తగిలించుకున్నాడు. మర్నాటి నుంచి బల్లమీద కాఫీ రెండు కప్పుల్లోకి మారింది. చీకట్లో నేను పులిసిన గాలి పీలుస్తూ పడున్నాను. నిజం చెప్పొద్దూ, నేనూ ఆ పిల్లనే అనుమానించాను.

సభ రోజు పొద్దున అక్కనూ భార్యనూ పక్కన నిలబెట్టుకుని తాళం తీశాడు. మేరీమాత లేదు. పేరు లేదు.

"మళ్లీ తోమేసింది!" అంది ఓర్తాన్స్.

"తాళంచెవి ఆయన గొలుసుకే ఉంది కదా వదినగారూ. పడుకునేటప్పుడు కూడా తియ్యలేదు. నేను ఏ సందులోంచి దూరానంటారు?"

ఫెర్నాన్ గొలుసు వైపు చూసుకున్నాడు. గబగబా పొగాకు డబ్బా మూత తీశాడు. అందులోని ముద్రలు శుభ్రంగా ఉన్నాయి. మిగతా సొరుగులు లాగాడు. ప్రతిదాంట్లోనూ తెల్ల పొడే. సొరుగులో తల పెట్టి వాసన చూశాడు. పుల్లటి కంపు. ఓక్ చెక్క వదిలే పులుపు గాలికి సీసం తెల్ల పొడిగా రాలిపోతుంది. కాస్తో కూస్తో బయటికి పోయే ఆ గాలిని తాళం వేసి నామీదే నిలబెట్టింది అతని అనుమానం.

"దొంగ ఈ చెక్కే, కమలినీ. కాపలా కాసింది నేను," అంటూ నేలమీద కూలబడ్డాడు.

"ఆ చెక్కను కూడా 'ఎవరైనా ముట్టుకున్నారా' అనే అడిగి ఉండాల్సిందండీ," అంది ఆవిడ. గొంతులో నవ్వు లేదు. కానీ వంటింట్లోకి వెళ్లి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి పోపుల డబ్బాలోని ఆవాలూ మెంతులూ కాగితాల్లో పొట్లాలు కట్టి, డబ్బా తుడిచి తెచ్చింది. సొరుగుల్లోని ముద్రలన్నీ అందులోకి మారాయి.

ఓర్తాన్స్ తమ్ముడి చెవిలో గొణిగింది. "చెక్క సంగతి ఎక్కడా అనకు. అంత చదివినవాడికి ఆ మాత్రం తెలియదా అంటారు. పెళ్లాం తోమేసిందని చెప్పు. అందరూ నమ్ముతారు, జాలి కూడా పడతారు."

అతను కోటు తొడుక్కున్నాడు. నన్ను జేబులో వేసుకుని బయల్దేరాడు. అక్క మాటే వింటాడని నాకు ఖాయంగా అనిపించింది. మనుషులను వెయ్యేళ్లుగా చూస్తున్నాను.

సభలో కమలిని చివరి బెంచీలో కూర్చుంది. నన్ను ఒక పళ్లెంలో పెట్టి తిప్పారు. మోర్వాన్ నన్ను చూసి పెదవి విరిచాడు. "మీ శ్రీమతిగారు ఏదో పులుపుతో తోమారని విన్నాం. పాపం, మీ తప్పేముంది లెండి!" ఓర్తాన్స్ నోరు ముందే పనిచేసినట్టుంది. కొందరు నవ్వుకున్నారు. కొన్ని తలలు వెనక్కి తిరిగి చీర వైపు చూశాయి. ఫెర్నాన్ ఏమీ అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

అతను లేచి నిలబడ్డాడు.

"ఆమె దీన్ని ముట్టుకోలేదు. పాడుచేసింది నేనే. ఓక్ సొరుగులో పెట్టాను, ఆమెను అనుమానించి తాళం కూడా వేశాను. దీనిమీద నేను ఒక ఆడమనిషి పేరు చదివాను. ఆ అరిగిన అక్షరాలు ఫోటోలో పడలేదు, ఇప్పుడు చూపించలేను. నా మాట తప్ప వేరే సాక్ష్యం లేదు కాబట్టి మీరు నన్ను అనుమానించాలి. మీ చోట నేనున్నా అదే చేస్తాను."

పదవి మోర్వాన్‌కు దక్కింది. ఆ రోజు మెట్లు దిగుతూ కమలిని అతని చేతిలో చెయ్యి వేసి, "ఆకలేస్తోందండీ," అంది. ఇద్దరూ వీధిలో నిలబడి వేడివేడి చెస్ట్‌నట్ కాయలు ఒలుచుకు తిన్నారు. ఫెర్నాన్ ఆ తర్వాత ముప్పై ఏళ్లు చిన్న ఉద్యోగంలోనే ఉండి, పిల్లలకు పాఠాలు చెప్పి, మరో నాలుగు పుస్తకాలు రాసి, ముద్రలన్నీ మ్యూజియానికి ఇచ్చి కన్నుమూశాడు.

ఇప్పుడు నేను గాజు పెట్టెలో ఉన్నాను. నా కింద చీటీ మీద 'పట్టు గోదాము అధికారిణి అనస్తాసో' అని ఉంది, దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు. అది ఫెర్నాన్ తన చేత్తో పెట్టిందే. చూసేవాళ్లు దాని దగ్గర ఆగి, నమ్మాలా వద్దా అని నా బోడి మొహంలోకి వెతుకుతారు. ఆమె చేతి దెబ్బ తిన్నదాన్ని నేను. ఆ గుర్తు అక్కర్లేదని నాకు తెలుసు. అయినా ఎవరైనా దాన్ని చెరిపేస్తే ఒప్పుకోను. ఇన్నేళ్లలో ఎన్నో చేతులను అనుమానించాను; నా అంచనా తప్పని తేల్చింది ఆ గుర్తు పెట్టిన చెయ్యే.