ఉడుకునీళ్ల లెక్క

తిరుమలగిరిలో గిర్ని వెంకన్న చేతికి ఏది దొరికినా ముందు కాంటా ఎక్కాల్సిందే. జొన్నలు తెచ్చినా, మిరపకాయలు తెచ్చినా పట్టకముందు ఒకసారి, పట్టాక ఒకసారి తూచి ఇస్తాడు. పిండి గిర్ని నడిపేవాడికి ఆ మాత్రం పట్టింపు ఉండాల్సిందే గానీ, ఈయనది ఇంటిదాకా పాకిన జబ్బు. కూతురు వర్షిత పుట్టి పురుడు వెళ్లిన మర్నాడే ఆ పసిగుడ్డును తీసుకుపోయి జొన్నల బస్తాల మధ్య కాంటా మీద పడుకోబెట్టాడు. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్‌కొచ్చింది, భార్య సుమన మాత్రం ఆ సంగతి ఇంకా దెప్పుతూనే ఉంది.

అలాంటి వెంకన్నను పోయిన చలికాలం భయపెట్టింది. తల్లి గుర్వమ్మకు ఛాతీలో నెమ్ము చేరింది. నల్లగొండ దవాఖానలో వారానికి పైగా ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ వెంకన్నను పక్కకు పిలిచి రెండే మాటలు చెప్పింది. కట్టెల పొగ పనికిరాదు, చన్నీళ్ల స్నానం అసలే పనికిరాదు. ఇంకోసారి నెమ్ము చేరితే ఈ వయసులో తట్టుకోవడం కష్టం.

దాంతో పెరట్లోని కాగుకు కాలం చెల్లింది. పొయ్యి మీద కదలకుండా కూర్చున్న ఆ పెద్ద రాగి గుండిగలోనే వెంకన్న పుట్టకముందు నుంచీ ఇంటిల్లిపాదికీ నీళ్లు కాగేవి. దాని కింద పత్తికట్టె ఎగదోస్తూ, పొగకు కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నది ఎప్పుడూ గుర్వమ్మే.

మళ్లీ చలి మొదలవగానే వెంకన్న తన చిన్ననాటి దోస్తు, కరెంటు సామాన్ల దుకాణం లింగస్వామిని పిలిపించాడు. కరెంటు గీజరా, గ్యాస్ గీజరా అన్నది తేలలేదు. వెంకన్న అడిగే ప్రశ్నలకు లింగస్వామికి తల తిరిగింది.

"అరేయ్, నా పానం తియ్యకు. రెండూ బిగిస్త. నెల రెండు నెలలు వాడి సూడు. ఏది అగ్గువ పడితే అది ఉంచుకో, రెండోది నాకిచ్చెయ్" అన్నాడు.

అన్నట్టే కరెంటుది స్నానాలగదిలో, గ్యాస్‌ది ఆవిరీ వాసనా లోపలికి రాకుండా గోడ బయట బిగించాడు. రెంటికీ కలిపి ఒకటే షవర్. ఉడుకునీళ్లకు ఎర్ర నల్లా, చన్నీళ్లకు నీలి నల్లా. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ లెక్క కలవకుండా గీజరుకు ఒక చిన్న మీటరు కూడా పెట్టించుకున్నాడు వెంకన్న. ఇక చూడాలి ఆయన సంబరం! ఒక వారం కరెంటు, ఒక వారం గ్యాస్. ఆదివారం వస్తే మీటరు చూడడం, లేదా స్నానాల సిలిండరును గిర్నికి దొర్లించుకుపోయి కాంటా ఎక్కించడం, వచ్చిన అంకెను సుద్దముక్కతో గిర్ని గోడ మీద రాయడం. కొత్త అల్లుడికి కూడా ఎవరూ అంత మర్యాద చేయరు.

రాత్రి అందరూ అన్నానికి కూర్చుంటే అదే పురాణం.

"ఇయ్యాల మీటరు గిర్రున తిరిగింది. వర్షితా, నువ్వేనా?"

"నెత్తికి పోసుకున్న నాయినా" అంది వర్షిత.

"గంతసేపా?"

"గిర్నిల మోటరు తిరిగితే ఖుషీ, ఇంట్ల మీటరు తిరిగితే గుండెనొప్పి" అంది సుమన. "తిననియ్యి పిల్లను."

గుర్వమ్మ పప్పన్నం కలుపుకుంటూ అంతా విన్నది. మెల్లగా అడిగింది. "ఎర్ర నల్లా తిప్పితెనే తిరుగుతదా బిడ్డా, మీటరు?"

"ఔనమ్మా. నీలిది ఎంత తిప్పినా ఏం గాదు" అన్నాడు వెంకన్న, తల్లి కూడా తన లెక్కలో పాలుపంచుకుంటున్నందుకు పొంగిపోతూ. గుర్వమ్మ తలూపి, మజ్జిగ పోసుకుంది.

రోజూ పొద్దున గిర్ని తెరవబోయే ముందు వెంకన్న తల్లి ముందు తల వంచుతాడు. స్నానం చేసి వచ్చిన గుర్వమ్మ మల్లన్న బండారి, ఆ పసుపు, వేలికి అద్దుకుని కొడుకు నుదుట పెడుతుంది. ఆ ఏడు ఆమె వేళ్లు నుదుటికి చల్లగా తగిలేవి. మార్గశిరం చలి అంతే మరి అనుకుని వెంకన్న గిర్నికి వెళ్లిపోయేవాడు.

లెక్క మాత్రం తెగలేదు. ఒక వారం కరెంటు రెండు రూపాయలు అగ్గువ, ఇంకో వారం గ్యాస్ మూడు రూపాయలు అగ్గువ. ఆవలిస్తే పోయేంత తేడాకు ఇంత గోలేమిటని సుమన నవ్వింది. వెంకన్న పట్టు విడవలేదు.

ఇంతలో దేవరకొండ నుంచి గుర్వమ్మ కూతురు అరుణమ్మ వచ్చి తల్లిని వారం రోజులు తన దగ్గర ఉంచుకుంటానని తీసుకుపోయింది. అది గ్యాస్ వారం. ఆదివారం వెంకన్న సిలిండరును కాంటా మీద పెట్టాడు. కిలో ముప్పావు తగ్గింది. గోడ వైపు చూశాడు. అమ్మ ఇంట్లో ఉన్న కిందటి గ్యాస్ వారంలోనూ తగ్గింది కిలో ముప్పావే.

కాంటా చెడిందేమోనని ఇరవై కిలోల రాయి పెట్టి చూశాడు. కాంటా సరిగ్గానే ఉంది. ఇంటికి పరుగున పోయి సుమనను అడిగాడు.

"ఈ వారం నువ్వూ వర్షితా నీళ్లు ఎక్కువ పోసుకున్నరా?"

"ఎప్పటి లెక్కనే. ఎందుకు?"

ముగ్గురికి ఎంత ఖర్చయిందో నలుగురికీ అంతే అయింది. అమ్మ ఉన్న వారానికీ, లేని వారానికీ తేడానే లేదు. వెంకన్నకు నుదుటి మీద ఆ చల్లటి వేళ్లు మళ్లీ తగిలినట్టయింది. అప్పుడే ఉడుకునీళ్లు పోసుకుని వచ్చిన మనిషి వేళ్లు అంత చల్లగా ఎందుకుంటాయి? ఎర్ర నల్లా తిప్పితేనే మీటరు తిరుగుతుందా అని ఆమె అడిగిందీ, తాను గొప్పగా జవాబు చెప్పిందీ గుర్తొచ్చి, గుమ్మంలోనే కూర్చుని సుమనకు సంగతంతా చెప్పాడు. డాక్టరమ్మ వద్దన్న పనిని తానే నేర్పించాడు.

"తలుపు బయట నిలబడి నీళ్ల సప్పుడు విన్న గానీ, ఏ నీళ్లని సూడలే" అంది సుమన. "అత్తమ్మది ఎప్పుడూ గంతే గదా. నేనొచ్చిన కాడికెళ్లి సూస్తున్న, అందరి తానాలయినంకనే పోసుకునేది. ముందుగాల పోసుకో అంటే, కాగుల మిగిలినయి నాకు చాలు అనేది."

వెంకన్నకు చిన్నతనం కళ్ల ముందుకొచ్చింది. మొదట బాపు, తర్వాత తాను, తర్వాత అరుణమ్మ. కాగు అడుగంటాక అమ్మ రెండు బిందెల చన్నీళ్లు అందులో గుమ్మరించి, ఆ గోరువెచ్చన కూడా కాని నీళ్లే పోసుకునేది. పొద్దంతా పొగలో కూర్చుని నీళ్లు కాచిన మనిషి ఒక్కనాడూ ఉడుకునీళ్లు ఎరగదు. మిగిలిందే తన వంతు అనుకుని బతికింది. ఈ గీజరులో మిగలడమన్నది లేదు, అందుకే నీలి నల్లా తిప్పుకుంది. కరెంటు కన్నా, గ్యాస్ కన్నా ఆ ఇంట్లో అన్నిటికంటే అగ్గువ పడింది అమ్మే. ఆ మాట తోచగానే వెంకన్న తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

సాయంత్రం గుర్వమ్మ దేవరకొండ నుంచి వచ్చింది. వెంకన్న కోప్పడలేదు. నీ ఆరోగ్యం కోసం అని చెబితే సరేనని తలూపి మళ్లీ నీలి నల్లాయే తిప్పుతుందని ఆయనకు తెలుసు. అమ్మ తన కోసం ఏదీ చేసుకోదు. కొడుకు కోసమంటే మాత్రం కొండనైనా పిండి కొడుతుంది. అందుకని మర్నాడు పొద్దున దిగాలు ముఖంతో ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, నా లెక్క మొత్తం కరాబైంది."

"ఏమాయె బిడ్డా?"

"నలుగురి లెక్క రాసుకుంటున్న. కాంటా ముగ్గురినే సూపెడ్తాంది. నాలుగో మనిషి ఉడుకునీళ్లు పోసుకోకుంటే ఏది అగ్గువో ఏది పిరమో ఎన్నటికీ తేలది. లింగస్వామికి ఏం జవాబియ్యాలె?"

దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లలా గుర్వమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "గీ ముసలి పానానికి మీటరు తిప్పుడెందుకని..." అని ఆగి, కొడుకు ముఖంలోకి చూసింది. "నీ లెక్కకు నేను గంతగనం అక్కరొస్తనా?"

"నువ్వు లేకుంటే లెక్కనే లేదమ్మా" అన్నాడు వెంకన్న. ఆ ఒక్కటి మాత్రం అబద్ధం కాదు.

"సరే తియ్యి. అందరిదీ అయినంక పోసుకుంట."

"అట్ల గాదు. ముందుగాల నువ్వే పోసుకోవాలె. ఆఖరుకైతే లెక్కల కలిసిపోతది."

"మీ బాపు ఉన్నప్పుడు సుత ముందుగాల పోసుకోలే బిడ్డా" అని గొణుగుతూనే లేచింది. లెక్క సరిచూసుకోవడానికి ఆ వారం కూడా గ్యాసే ఉంచిన వెంకన్న తానే ఎర్ర నల్లా తిప్పి, నీలిది కాస్త కలిపి, చేయి పెట్టి చూసి బయటకొచ్చాడు. సుమన అత్తను లోపలికి తీసుకుపోయింది.

చాలాసేపటి దాకా నీళ్ల చప్పుడు వినిపించింది. మధ్యలో గుర్వమ్మ గొంతు. "పొల్లా, ఇంకా జరసేపు ఉండనియ్యే. వీపుల నొప్పంత దిగుతాంది." గోడ బయట నీలి మంట భగభగమంటూ ఉంటే, జన్మలో మొదటిసారి వెంకన్న ఖర్చవుతున్న దాన్ని చూసి ఇంకా కానీ, ఇంకా కానీ అనుకున్నాడు.

గుర్వమ్మ బయటకొచ్చి బండారి పెట్టింది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. వెంకన్న వంచిన తల వెంటనే ఎత్తలేకపోయాడు.

ఆ ఆదివారం సిలిండరు రెండు కిలోల పైచిలుకు తగ్గింది. వెంకన్న ఆ అంకెను గోడ మీద అన్నిటికంటే పెద్దగా రాశాడు.

గడువైపోయాక లింగస్వామి ఒక గీజరు విప్పుకుపోదామని వచ్చాడు. వెంకన్న గడపలోనే అతని జేబులో రెంటి పైసలూ కుక్కి, వాకిట్లో తల ఆరబెట్టుకుంటున్న తల్లికి వినపడేలా గొంతు పెంచాడు.

"ఇంకా తేలలేదురా! మస్తు దినాలు పట్టేటట్టున్నది."

మర్నాడు తెల్లవారి గుర్వమ్మ తువ్వాల భుజాన వేసుకుంటూ అడిగింది. "ఎన్నడు తేలుతదిరా నీ లెక్క?"

"జర ఓపిక పట్టమ్మా."

"పడ్త తియ్యి. నీ కోసం గీ మాత్రం చెయ్యనా?" అంటూ ఇంట్లో అందరికంటే ముందు లోపలికి పోయి, తానే ఎర్ర నల్లా తిప్పింది.