నవ్వు మొహం మీద గీత

ఉప్పు లాగేటప్పుడు హజరత్తయ్య నీళ్లవంక చూడడు. పొడవాటి కర్రకు బిగించిన పలక కింద గరగరమనే చప్పుడు వింటాడు. చప్పుడు మెత్తబడిందంటే పలక బురదను తాకినట్టు. అప్పుడు చేతులు వాటంతటవే కర్రను కాస్త పైకెత్తుతాయి. నలభై ఏళ్లుగా అవే ఉప్పు కయ్యలు, అదే చప్పుడు. ఈమధ్య దానిలో చెవుల హోరు కూడా కలుస్తోంది.

మూలకు ఉప్పు కుప్పచేసి నడుమెత్తేసరికి కళ్ల ముందు నల్లటి తెర దిగింది. రెండు చేతులా కర్ర పట్టుకుని, అది తొలగేదాకా కదలకుండా నిలబడ్డాడు. మూడు వారాలుగా ఇంతే. కాళ్లు కూడా వాచాయి. పొద్దున ఆముదం రాసుకుంటూ పిక్క మీద వేలితో నొక్కితే పడిన గుంట, కయ్య దాకా నడిచొచ్చినా పూడలేదు.

"ఏందయ్యా హజరత్తయ్యా, కొంగ మాదిరి నిలబడిపోయినావే!" గట్టు మీంచి మేస్త్రీ పెంచలకృష్ణ కేకేశాడు. "ఓహో, బేస్తవారం గదా! చొక్కా గూడా తొడిగినావే. పెళ్లిచూపులకా?"

"నీ కడుపుమంట నాకెరికేలే అబ్బయా," అన్నాడు హజరత్తయ్య.

చొక్కా తొడిగిన మాట నిజమే. గురువారం అనూష వస్తుంది. నెల్లూరులో ఒక ఆసుపత్రివాళ్లు రక్తపోటుకు కొత్త మందును పరీక్షిస్తూ, ఉప్పు కొఠార్లలో పనిచేసేవాళ్లను కొందరిని చేర్చుకున్నారు. అనూష వారంవారం స్కూటీ మీద వచ్చి ఖాళీ అట్టలు తీసుకుని, కొత్త బిళ్లలిచ్చి, పుస్తకం చూసి వెళుతుంది. చదువు రానివాళ్ల కోసం అచ్చువేసిన పుస్తకం అది. రోజుకు రెండు మొహాలు, ఒకటి నవ్వుతూ, ఒకటి ఏడుస్తూ. ఒంట్లో ఎలా ఉందో ఆ మొహం మీద పెన్సిలుతో గీత గీయాలి.

చేరిన రోజు ఆమె ఆరు పేజీలు చదివి వినిపించింది. వాటిలో ఆయన మనసులో నిలిచింది ఒక్కటే, ఎప్పుడు కావాలన్నా మానుకోవచ్చట. ఆయనకది భరోసాగా తోచలేదు, బెదిరింపులా తోచింది. పక్క కొఠారు మాలకొండమ్మ తల తిరుగుతోందని చెప్పిన వారమే బిళ్లలు వెనక్కి తీసుకున్నారు. నెల్లూరు తీసుకెళ్లి చూపించారు. ఆమెకు నయమైంది. అనూష స్కూటీ మాత్రం ఇప్పుడు ఆమె కొట్టం ముందు ఆగదు.

భార్య కామాక్షమ్మ ఉన్నప్పుడు ఎలా ఉన్నావని ఏనాడూ అడగలేదు. ఆమెకు ఆ అవసరం లేదు. గడప దాటే అడుగు చప్పుడు విని, అన్నంలో పులుసు పోయాలో మజ్జిగ పోయాలో తేల్చుకునేది. ఆమె పోయి పదకొండేళ్లు. అప్పటినుంచి ఆయన్ను చాలామంది పిలిచారు, పని చెప్పారు, తిట్టారు, నవ్వించారు. ఎలా ఉన్నావని అడిగి జవాబు కోసం ఆగినవాళ్లు లేరు. అనూష ఆగుతుంది. పెన్ను కాగితానికి ఆనించి, ఆయన నోరు తెరిచేదాకా కళ్లలోకి చూస్తూ ఆగుతుంది. అది ఆమె ఉద్యోగమని ఆయనకు తెలుసు. తెలిసినా ఆ కాసేపు తనలోనూ ఒక మనిషి ఉన్నట్టుంటుంది.

స్కూటీ చప్పుడు వినగానే కయ్యలో ఇంకాస్త లోతుకు జరిగాడు. బురదనీళ్లు పిక్కల పైదాకా వచ్చాయి.

"ఎట్టుండావు తాతా?"

"బాగుండాను పాపా."

"మొహం వాడిందే?"

"ముసిలిమొహం వాడకుండా మొగ్గ తొడుగుద్దా?"

ఆమె నవ్వింది. "ఒకసారి గట్టెక్కు. కాళ్లు చూడాల."

"ఈ బురదతోనా? నీ బట్టలు పాడైపోతాయి. కాళ్లకేం, గుంజల మాదిరుండాయి."

"ఏదన్నా ఉంటే చెప్పు తాతా. నువ్వు చెప్పకపోతే నాకు తెలీదు."

మాట గొంతుదాకా వచ్చింది. చెబితే ఆమె గట్టు మీద కూర్చుంటుంది. పిక్క మీద చెయ్యి వేసి చూస్తుంది. కంగారుపడుతుంది కూడా. ఆ ఒక్కరోజు ఎంతో బాగుంటుంది. తర్వాతి గురువారం నుంచి రాదు.

"చెప్పక యాడికి పోతా," అన్నాడు.

అనూష చూపు ఆయన కాళ్లు మునిగిన చోట నీళ్ల మీద ఒక్క క్షణం నిలిచింది. ఫోను మోగింది. ఇంకా ఏడుగురిని చూడాలి. ఆయన చెప్పినదే రాసుకుని, కొత్త నెల పుస్తకమూ బిళ్లలూ గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. స్కూటీ మలుపు తిరిగేదాకా ఆయన నీళ్లలోనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా కొట్టం ముందు కూర్చుని కొత్త పుస్తకం తెరిచాడు. మొదటి రోజు. పెన్సిలు మొన ఏడుపు మొహం దగ్గరకు వెళ్లి ఆగింది. ఎవరూ చూడటం లేదు. దాని వంక చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వు మొహం మీద గీత గీశాడు.

వేళ్లకు స్పర్శ సరిగా లేదు. రేపు చెయ్యి ఆడకపోతే? ఖాళీగా వదిలితే పాప అడుగుతుంది. రెండో రోజు మొహం మీదా ఇప్పుడే గీశాడు. మూడోదీ గీశాడు. ఆపైన కయ్యలో ఉప్పు లాగినట్టే, ఒక వరుస తర్వాత మరో వరుస, చివరి పేజీ దాకా వెళ్లాడు. పుస్తకం రేకుడబ్బాలో పెట్టి గుంజకు ఆనుకున్నాడు. కళ్ల ముందు తెర దిగింది. అలవాటు ప్రకారం, తొలగేదాకా కదలకుండా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పెంచలకృష్ణ వచ్చేసరికి అలాగే ఉన్నాడు, చొక్కాతోనే.

తర్వాతి గురువారం అనూష వచ్చి కొట్టం ముందు నిలబడిపోయింది. "నాతో ఏమీ చెప్పలేదే," అంది.

"మాకూ చెప్పలేదు," అన్నాడు పెంచలకృష్ణ. లోపలున్న రేకుడబ్బా తెచ్చి ఆమె చేతికిస్తూ, "మేము అడగలేదులే పాపా," అన్నాడు.

పుస్తకం ఆసుపత్రికి అప్పగించాలి. ఆమె రేకుడబ్బా మూత తీసింది. ఆయనను పూడ్చిన రోజు మీదా, ఆ మర్నాటి మీదా, ఇంకా రాని రోజులన్నిటి మీదా గీతలున్నాయి. కొన్ని వంకరపోయాయి, కొన్ని గడి దాటాయి. పక్కనున్న ఏడుపు మొహాల మీద మాత్రం ఎక్కడా పెన్సిలు తగల్లేదు. మొదటి రోజు ఏడుపు మొహం పక్కన ఒక్కచోట, మొన ఆనించి ఆపినంత చిన్న చుక్క ఉంది.