సముద్రానికి సద్ది

"పులిహోరల ఉప్పు జర సూసెయ్యి. సార్ వాళ్లు తింటరు," అన్నాడు కోటేష్ షూ లేసులు కట్టుకుంటూ, నా మొహం వైపు చూడకుండానే. సెకండ్ షిఫ్టుకు పోతున్నాడు.

రేపు పొద్దున్నే వీళ్లంతా సముద్రానికి పోతున్నారు. వీళ్లంతా అంటే నా మొగుడు కోటేష్, గనిలో అతని పై ఆఫీసరు ఆదినారాయణ సార్, సార్ భార్య, వాళ్ల పిల్లలు, సార్ బామ్మర్ది. నేను లేను. పులిహోరలో ఉన్నాను, చపాతీల్లో ఉన్నాను, కోడివేపుడులో ఉన్నాను. సుమోలో మాత్రం లేను.

ఈ ప్రయాణం నాది. ఆ మాట గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మణుగూరు అవతల అడవిలో ఉన్న ఊరి బళ్లో నేను టీచర్ని. ఐదో తరగతి పిల్లలకు గోడ మీది పటంలో కోస్తా తీరాన్ని వేలితో చూపిస్తుంటే, భీమక్క అనే పిల్ల లేచి, "మేడం, మీరు సముద్రం సూసిన్రా? ఎట్లుంటది?" అని అడిగింది. నీలం రంగు పూసిన కాగితం తప్ప నేనేం చూశాను? సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు వచ్చాడు. మధ్యాహ్న భోజనం వండే ఆమె ఆ రోజు రాలేదు. ఇద్దరు మగ టీచర్ల గదులు దాటుకుని వచ్చి నా గుమ్మంలో ఆగి, "భాను మేడం, జర ఆ వంట సంగతి మీరే చూసుకోవాలి" అన్నాడు. సముద్రాన్ని సగంలో వదిలేసి పోయి పప్పు ఎసట్లో పోశాను. గరిటె తిప్పుతూ అనుకున్నాను, ఈ ఏడాది నేను సముద్రం చూసి తీరాలి అని.

మా బళ్లో హేమలత అని ఇంకో టీచరు ఉంది. వాళ్ల పుట్టిల్లు ఉప్పాడ. కాకినాడ దాటగానే రోడ్డు సముద్రాన్ని ఆనుకునే పోతుందని, గాలి ఎక్కువైతే అలలు వచ్చి రోడ్డు మీద పడతాయని, పక్కన సరుగుడు తోటలు, వలలు ఆరేసిన చిన్న చిన్న ఊళ్లు వస్తాయని ఆమె చెబుతుంటే నేను టీ తాగడం కూడా మర్చిపోయేదాన్ని. భద్రాచలం, చింతూరు, మారేడుమిల్లి ఘాటు, రాజమండ్రి, కాకినాడ. దారంతా నాకు నోటికొచ్చేసింది. రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చేలా చూసింది నేను. సుమో కిరాయికి మాట్లాడింది నేను. శనివారం ఎండ తగ్గాక ఉప్పాడ రోడ్డు మీద నడవాలి, ఆదివారం పడవలు ఒడ్డుకొచ్చే వేళకు పల్లెకారుల ఊళ్లు చూడాలి, సరుగుడు నీడలో కూర్చుని అన్నం తినాలి. ఆ అన్నం కూడా హోటల్లో కొనుక్కుని తినాలి. రెండు రోజులు పొయ్యి మొహం చూడకూడదు. అదీ నా ప్లాను.

కోటేష్‌కు చెబితే మొదట, "నీకేమన్న పిచ్చి లేసిందా ఏంది?" అన్నాడు. వారం తిరిగేసరికి గనిలో అదే సంగతి తన ఆలోచన లాగా చెప్పుకున్నాడు. ఆదినారాయణ సార్‌కు తెగ నచ్చేసింది. "నీకు మంచి టేస్టుందయ్యా కోటేష్" అని భుజం తట్టాడట. ఇంటికొచ్చి ఆ భుజాన్ని నాకు చూపించినంత పని చేశాడు. తర్వాత సార్ కుటుంబం వచ్చి చేరింది. తర్వాత సార్ బామ్మర్ది. నా చీరలు మడతపెట్టుకుంటున్నప్పుడు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు కోటేష్.

"సుమోల జాగ లేదే. యాడీ గూడ ఇంట్ల ఒక్కతే ఉండాలె. సార్ నన్ను గని లోపలికెల్లి పైపనికి మార్పిస్త అంటున్నడు, నీకు తెల్సుగద. గీ ఒక్కపారికి ఊకో."

యాడీ అంటే వాళ్లమ్మ, పేరు గోరి. మా లంబాడీ తండాలో అమ్మను అలాగే పిలుస్తాం. నేనూ ఆమెను అలాగే పిలుస్తాను.

నేను చీర మడత ఆపకపోయేసరికి నవ్వించాలని చూశాడు. "అయినా నీకు సముద్రం ఎందుకే? బస్సుల పోతుంటే గోదారి సూస్తనే ఉంటవ్ గద. గదీ నీళ్లే, గిదీ నీళ్లే."

నీళ్లేనట! ఎంత తేలిగ్గా అనేశాడు! ఆ నీళ్ల కోసం సుమో ఎక్కి ఘాటు దాటి పోయేది మరి ఎవరు బాబూ? మడతపెట్టిన చీరలు మళ్లీ బీరువాలో పెట్టేశాను. "సద్ది ఎంతమందికి కట్టాలె?" అని మాత్రం అడిగాను. వాడి మొహం వెలిగిపోయింది. నేను ఒప్పేసుకున్నాననుకున్నాడు పాపం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వండిన ఆడది రుచి చూడకూడదు. ముందు మా తండా దేవుడు సేవాభాయాకు ముద్ద తీయాలి, తర్వాత మగవాళ్లు తినాలి, ఆ తర్వాతే మా నాలుక. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నేను ఉప్పు అందాజాగానే వేస్తున్నాను. నాలుక కట్టేసి రుచి బాగుండాలంటారు, చూడండి వీళ్ల న్యాయం! ఉప్పు తక్కువైతే, "మీ అమ్మ నీకు ఉప్పు డబ్బా సూపెట్టలేదా?" అంటాడు. ఎక్కువైతే పళ్లెం అవతలికి నెట్టేసి, "సముద్రంల ముంచి తెచ్చినవా ఏంది?" అంటాడు. సరిపోయిన రోజు ఏమీ అనడు. నిరుడు సార్ వాళ్లను భోజనానికి పిలిచినప్పుడు, అందరి ముందూ, "మా ఆమె పేరుకే టీచరు సార్, ఉప్పు ఎంతెయ్యాల్నో మాత్రం రాదు" అన్నాడు. సార్ పడీ పడీ నవ్వాడు, సార్ భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మజ్జిగ గ్లాసులు మోస్తూ నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మొహం నేనే రక్కుకోవాలనిపిస్తుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రయాణంలో సద్ది మూట దారిలో విప్పకూడదు. మజిలీ చేరాక, నీళ్ల ఒడ్డున దేవుడికి ముద్ద పెట్టాకే విప్పాలి. కోటేష్‌కు ఈ పద్ధతంటే ప్రాణం. "మా తాతల కాలం నుంచి గిట్లనే సార్" అని కనబడ్డ వాళ్లందరికీ చెబుతాడు. ఆడవాళ్లు చెమటోడ్చే పద్ధతులన్నీ వాడికి బాగా గుర్తుంటాయి.

సాయంత్రం యాడీ నా పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మోచేతుల దాకా ఉన్న గాజులు గలగలమంటున్నాయి. ఉన్నట్టుండి తనే మొదలుపెట్టింది.

"మా నానమ్మ సముద్రం కాడికి నడిసి పోయిందే."

"సముద్రం కాడికా? ఎందుకు యాడీ?"

"ఉప్పుకు. గప్పుడు మనోళ్లు ఎడ్ల మీద ఉప్పు బస్తాలేసుకొని గీ అడవిలకెల్లి ఊర్లకు తెస్తుండె. సంకల పిల్ల, నెత్తిన గంప, ఎడ్లను తోలుకుంట ఆడోళ్లు గూడ పోయేటోళ్లంట. మా నానమ్మ కాళ్లు సముద్రం నీళ్లల్ల పెట్టి, మస్తు నవ్విందంట." కాసేపు గింజలు తీసి, మళ్లీ అంది. "నాకు ఎవ్వలు సూపెట్టలే. నా మొగుడు సూపెట్టలే, నా కొడుకు గూడ సూపెట్టకపాయె. గిప్పుడు జీపుల జాగ లేదంట!"

ఆమె కూడా ఇన్నేళ్లూ ఇదే కడుపులో పెట్టుకుని కూర్చుందా? నేను ఆమెను కాపలా కాయడానికి ఆగిపోతున్నానని అనుకుంటున్నాను, ఆమెను సాకుగా పెట్టి నన్ను దింపేశారు, ఇద్దరినీ కలిపి గుమ్మం లోపల పెట్టి తాళం వేశారు. ఎడ్ల వెంట నడిచిన ఆడదాని మనవరాలికి సుమోలో చోటు లేదు, సార్ బామ్మర్దికి ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. పచ్చిమిరపకాయ కొరికినట్టు చెవుల దాకా మండింది.

అప్పుడు వంట మొదలుపెట్టాను. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వండలేదు. పులిహోరకు పల్లీలు దోరగా వేయించాను, ఇంగువ పోపు ఘుమఘుమలాడింది. కోడివేపుడు ఎర్రగా నిగనిగలాడింది. చపాతీలు దూది లాగా వచ్చాయి. పెరుగన్నంలో దానిమ్మ గింజలు కూడా చల్లాను. యాడీ అంతా చూస్తూనే ఉంది.

"ఉప్పు డబ్బా దించలేదేందే?"

"మర్సిపోయిన యాడీ."

"కోడికూరల గూడనా?"

"అవ్."

"చపాతి పిండిల?"

"దాంట్ల గూడ."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. కొడుకును వెనకేసుకొస్తుందేమో అనుకున్నాను. ఆమె లేచి, అలమారలో ఉన్న ఆవకాయ సీసా సద్ది దగ్గర పెట్టబోతుంటే నా చేయి అడ్డం పెట్టాను. అంతే, నోటికి చేయి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది. ఆ సీసాను తీసుకుపోయి తన పెట్టెలో దాచేసింది. "మరి ఊర్లకు పోతే ఏసుకునే నా అద్దాల లంగా ఏడ పెట్టినవే?" అని అడిగింది. ఆ మాటతో నాకూ దారి కనబడింది.

దేవుడి వాటా చుర్మో మాత్రం పద్ధతిగా చేశాను. చపాతీ నలిపి బెల్లం, నెయ్యి దండిగా కలిపాను. సేవాభాయాతో నాకు తగాదా లేదు.

తెల్లారి సుమో వచ్చింది. "వాసన గుమగుమ వస్తుందమ్మా!" అన్నాడు ఆదినారాయణ సార్. "రుచి సూస్తే ఇంకా ఏమంటరో సార్," అన్నాను. సార్ భార్య నన్ను చూసి, "పాపం, నువ్వూ వస్తే బాగుండు భానూ" అంటూ కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది. కోటేష్ సద్ది మూట ఒళ్లో పెట్టుకున్నాడు, పసిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా. "మూట మజిలీల్నే విప్పాలె సార్, దారిల ముట్టొద్దు" అంటున్నాడు. బండి మలుపు తిరిగేదాకా చేయి ఊపాను. తర్వాత లోపలికి పోయి గ్యాసు కట్టేసి, యాడీ చేయి పట్టుకుని బస్టాండుకు నడిచాను.

భద్రాచలంలో రాజమండ్రి బస్సు దొరికింది. యాడీని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఘాటులో మలుపు వచ్చినప్పుడల్లా ఆమె నా మోకాలు గట్టిగా పట్టుకుని, "మా నానమ్మ గిదంత నడిసిందా?" అని అడుగుతూనే ఉంది. మారేడుమిల్లిలో బస్సు ఆగితే ఇద్దరం హోటల్లో కూర్చుని, ఎవరో వండిన అన్నం, ఎవరో వడ్డిస్తే తిన్నాం. కడుపు నిండా తిన్నాం. ఉప్పు సరిగ్గా సరిపోయింది. రాత్రే ఫోన్ చేస్తే, ఉప్పాడలో హేమలత వాళ్లమ్మ మా కోసం ఎదురుచూస్తానంది.

అడవి దాటి గోకవరం వచ్చాక సెల్లుకు సిగ్నల్ అందింది. అందీ అందగానే మోగింది. కోటేష్.

"ఏందే ఇది?" గొంతు అణిచిపెట్టి అరుస్తున్నాడు. వాడి వెనక హోరుమని పెద్ద చప్పుడు. అది అలల చప్పుడని నాకు వెంటనే తెలిసిపోయింది. "పులిహోరల ఉప్పు లేదు, కూరల ఉప్పు లేదు, చపాతిల గూడ లేదు! సార్ భార్య నోట్ల పెట్టుకున్నది ఉమ్మేసింది! నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"అవునా? రుచి సూడొద్దు గద, నాకెట్ల తెలుస్తది?"

"ఆ హారన్ ఏంది? ఏడున్నవ్ నువ్వు? యాడీ ఏది?"

"నా పక్కనే ఉంది. మేం గూడ సముద్రానికే వస్తున్నం."

అవతల ఓ పెద్ద అల విరిగిపడింది. తర్వాత ఏడుపు గొంతుతో అడిగాడు. "అందరు పళ్లాలు పట్టుకొని నా మొకం సూస్తున్నరే. ఇప్పుడు ఉప్పుకు ఏం జెయ్యాలె?"

యాడీ నా భుజం మీదికి వంగి వింటోంది.

"నీ ముందల్నే ఉంది గద సముద్రం," అన్నాను. "ముంచుకొని తినుండ్రి."