పచ్చి చీల

హార్మ్ ఓక్ ముక్కను మోకాళ్ల మధ్య బిగించి చీల కొన చెక్కుతున్నాడు. మీసం రాని వయసు నుంచీ అదే పని. ఎల్బే నది ఒడ్డున ఉన్న కొయ్య చట్రపు ఇళ్లన్నీ అతని చీలల మీదే నిలబడ్డాయి. పేరు మాత్రం మేస్త్రీ లూడెకెది. గుమ్మం దూలం మీద ఆసామి పేరు, ఆయన భార్య పేరు, వాటి కింద మేస్త్రీ పేరు చెక్కడం అక్కడి ఆనవాయితీ. చీలలు చేసేవాడి పేరు ఎవడికి కావాలి?

ఇద్దరూ ఒకే చోట పని నేర్చారు. లూడెకెకి నోరుంది, హార్మ్‌కి చేతులే ఉన్నాయి. నిన్న కొత్త దూలం మీద లూడెకె పేరు చూసి హార్మ్‌కి కడుపు మండిపోయింది. అప్పుడే పచ్చి కొమ్మ నరికి ఓ చీల చేసి జేబులో వేసుకున్నాడు. ఎండిన చీలనైతే దూలం బిగపట్టుకుంటుంది. పచ్చిదైతే చలికాలానికి కుంచించుకుపోతుంది. గుమ్మం వంగితే ఆ పేరూ వంగుతుంది, ఊరు నవ్వుతుంది.

"ముఖం అలా మాడ్చుకున్నావేంట్రా? మీ ఆవిడ జావ అడుగంటించిందా?" కడుతున్న ఇంటి పైనుంచి లూడెకె అరిచాడు. పనివాళ్లందరూ నవ్వారు.

"నీ దూలం సంగతి చూసుకో."

"చూసేదేముంది? నీ చీల పడితే ఇక తిరుగులేదు. త్వరగా కొట్టు, గొంతెండిపోతోంది."

హార్మ్ జేబులోంచి పచ్చి చీల తీసి గుమ్మం దూలం రంధ్రం దగ్గర పెట్టాడు. సుత్తి ఎత్తబోయి ఆగిపోయాడు. లూడెకె మీద జాలేం కాదు, వాడంటే ఇప్పటికీ మంటే. కానీ వదులైన చీలను చూసి 'ఇది హార్మ్ పని' అంటారు. తిట్టుకుంటూ పచ్చిదాన్ని మళ్లీ జేబులో వేసుకుని, బుట్టలోంచి ఎండు చీల తీసి కొట్టాడు.

సాయంత్రం లూడెకె వాసాల మీద నిలబడి, ఇంటికి శుభం పలికి, సారా తాగి గ్లాసు కిందికి విసిరాడు. అది ముక్కలైతేనే ఇంటికి మేలు. ముక్కలైంది.

"అదీ వాడి మాటే విన్నది," అని హార్మ్ జేబులోని పచ్చి చీల తీసి చేతిలో తిప్పుకుంటూ కలప కుప్పకు జేరగిలబడ్డాడు.

భోజనానికి పిలవడానికొచ్చిన ఆసామి భార్య మెట్టా, నిద్రపోయాడనుకుని భుజం తట్టింది. తల పక్కకు వాలిపోయింది, ఊపిరి లేదు. చేతిలో పచ్చి చీల అలాగే ఉంది.

లూడెకె చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆఖరి చీల కూడా ఈ ఇంటికే చేశాడు," అన్నాడు. గుమ్మం దూలం మీద తన పేరు పక్కనే రంధ్రం తొలిచి ఆ చీలను దిగ్గొట్టాడు. ఇది హార్మ్ చేసిందని వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

చలికాలం వచ్చింది. ఇప్పుడు తలుపు వేసినప్పుడల్లా, లూడెకె పేరు పక్కన ఆ చీల వదులుగా కదులుతూ చప్పుడు చేస్తుంది.