నీళ్ల గుండె

నేను ఒక గుండెను. కొట్టుకోను. గిన్నెలో గిన్నె పెట్టినట్టు నన్ను గాజులాంటి ప్లాస్టిక్‌తో చేశారు. రెండు గిన్నెల సందులో పోసే నీళ్లే నా కండ. ఒక పక్కన నీరు చేరని బిళ్ల ఒకటి ఉంది. అది నాలో చచ్చిన ముక్క. గుండెను చిత్రం తీసే తమ కెమెరా నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి మనుషులు ఇలా ఒక అబద్ధపు గుండెను చేయించుకున్నారు.

మొదట ఒక కాలేజీలో ఎవరూ వాడక, బల్ల మీద డబ్బాలా పెన్నులు మోశాను. తర్వాత విశాఖలో ఈ ఆసుపత్రికి, చిత్రాల కొలతలు చూసే మృదుల చేతుల్లోకి వచ్చాను. కొత్త పెళ్లికూతురు. పల్చటి గ్లవ్స్‌లోంచి కూడా గోరింటాకు ఎర్రగా కనిపించేది. కెమెరా నడిపే శ్రీకరే ఆమె భర్త.

ఆ రోజు బయట బెంచీ మీద బోటు నడిపే సరంగు నూకరాజు కూర్చుని ఉన్నాడు. అతని గుండెలో ఒక గోడ బతికి ఉంటేనే ఆపరేషన్ చేస్తానన్నాడు డాక్టరు. అతనికి ఎక్కించిన మందులు రెండు, థాలియం, టెక్నీషియం; రెండూ కెమెరా కంటికే కనిపించే వెలుగు చిమ్ముతాయి. దేని వెలుగు దానిదే, దేని చిత్రం దానిదే. బతికిన కండను చూపేది థాలియం. ఆ చిత్రంలో గోడ మసగ్గా వెలుగుతోంది. కానీ టెక్నీషియం వెలుగు దారిలో తడబడి, నీరసించి, థాలియం చిత్రంలోకి జారుతుంది. మరి ఆ మసక వెలుగు గోడ సొంతమా, అరువా?

తేల్చడానికి నాలో టెక్నీషియం ఒక్కటే పోయాలి; అప్పుడు థాలియం చిత్రంలో కనిపించేదంతా అరువే. శ్రీకర్ తొందరలో రెండూ పోశాడు.

"రెండూ కలిపేశారా?" అంది మృదుల.

"కొత్త కాపురం కదా, విడదీయడానికి మనసొప్పలేదు."

"కాపురం వేరు, కొలత వేరు. ఏ వెలుగు దేనిదో ఎలా చెప్పను? కడిగి మళ్లీ పొయ్యండి."

అతను నవ్వుతూనే కడిగాడు. ఈసారి నాలో థాలియం చుక్క కూడా లేదు. అయినా థాలియం చిత్రంలో నేను వెలిగాను, నా చచ్చిన ముక్కతో సహా. చెబితే నవ్వుతారేమో, ఆ కాసేపు నేను నిజంగా బతికాననుకున్నాను. ఎక్కడో సముద్రం మీద, ఎవరి ఛాతీలోనో కొట్టుకుంటున్నట్టు కల.

మృదుల నా కలను కొలిచింది. ఆ కొలత ప్రకారం నూకరాజు చిత్రంలోంచి అరువు వెలుగును తీసేసింది. గోడ నల్లబడుతూ వచ్చింది. శ్రీకర్ తెర దగ్గరికి వంగాడు. చివరికి ఒక సన్నని వెలుగు మిగిలింది, తెల్లారుజామున అలల అంచులా.

"తక్కువే, కానీ ఇది గోడ సొంతం," అంది మృదుల.

డాక్టరు చూసి సరేనన్నాక నూకరాజును లోపలికి పిలిచారు.

"బతికే ఉందేటమ్మా?"

"ఉంది బాబాయ్."

"అయితే మరి బోటెక్కొచ్చునేటి?"

"ముందు ఆపరేషన్ బల్ల ఎక్కండి."

సాయంత్రం నన్ను ఖాళీ చేసి సీసపు పెట్టెలో బోర్లించారు. రెండు గిన్నెల సందులో ఒక్క నీటిచుక్క మిగిలిపోయింది. పక్క గదిలో ఎవరో నడిచినప్పుడల్లా అది వణుకుతోంది. అరువు కదలికే. తెలుసు. అయినా అది ఆరిపోకుండా ఉంటే బాగుండును.