మూడోసారి జాడించిన నీళ్ళు

బొమ్మలు శుభ్రం చేసే అమ్మాయికి,

ముందుగా తప్పులు క్షమించాలి. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై దాటాక, ఆయన పోయాక. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు. ఈ ఒక్క ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది. నువ్వు ఫోనులో అడిగింది చిన్న మాటే. "మామ్మగారూ, మీరు మా గ్యాలరీకిచ్చిన రేవు బొమ్మలో నీళ్ళ మీద నీలం మరకలున్నాయి. తడి దూది తగిలితే ఊడొస్తున్నాయి. పెయింటులా లేదు. తుడిచేయమంటారా?" పక్కనున్న మా అబ్బాయి తుడిచేయమని చెప్పు అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను వారం ఆగమన్నాను.

అది మా పాత ఇంటి కిటికీలోంచి వేసిన బొమ్మ. కింద రేవు, అవతలి ఒడ్డున మేడలు, వాటి మీద పొద్దుటి మంచు. ఆయనకి బొమ్మలుండేవి, నాకు పనులుండేవి. కుంచెలు కిరసనాయిలులో కడగడం, చూడవచ్చినవాళ్ళకి టీలు, పెరట్లో రెండు లాడ్జీల దుప్పట్లు ఉతకడం. ఇల్లు గడిచేది ఆ దుప్పట్ల మీదే. ఓసారి నా మోచేతికి పచ్చరంగు అంటితే అత్తగారు చూసి, "వాడికంటితే కళ, నీకంటితే మురికి. పోయి కడుక్కో," అన్నారు. కడుక్కున్నాను.

యాభై ఐదో ఏట ఆయన కళ్ళకి పొరలు కమ్మాయి. ఆపరేషనంటే భయం. "కళ్ళు కనబడని పెయింటరు గడప ఎవడు తొక్కుతాడే?" అని, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. అప్పటినుంచి ఆయన చూపు నేనే. మేడల గీతలు అలవాటు మీద గీసేశారు గానీ, నీళ్ళ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఏమే, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?"

"దుప్పట్లు మూడోసారి జాడించిన నీళ్ళలా ఉన్నాయండీ."

"అదేం రంగే, నీ మొహం!"

"మొదటిసారి మట్టి దిగుతుంది. రెండోసారి సబ్బు తెలుపు. మూడోసారి నీలం వేస్తాం కదా, అది కలవకముందు తొట్లో అక్కడక్కడా నిలబడుతుంది చూడండి, అలా. మేడల కిటికీల్లో ఎండ పడి, ఆ నీలం మీద గుడ్డుసొన పగిలినట్టుంది."

ఆయన కుంచె నావైపు చాపి, "నువ్వే పెట్టు," అన్నారు.

అన్నేళ్ళూ ఆ కుంచెని కడగడానికే పట్టుకున్నాను. దాంతో ఏం చెయ్యాలో చేతికి తెలియలేదు. ట్యూబులో నీలం చూస్తే ఎండిపోయి ఉంది. పెరట్లోకి వెళ్ళి బట్టల నీలం పొడి తెచ్చాను. ఆయన పూసిన బూడిదరంగు ఇంకా తడిగానే ఉంది. అందులోకి బొటనవేలితో అద్దాను. పడవ నీడ దగ్గర గట్టిగా, అల విరిగే చోట వేలి అంచుతో, మంచు ఉన్న చోట ఊరికే తాకీ తాకనట్టు. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. వెళ్ళలేదు. పెళ్ళయ్యాక పాలు పొంగినా నేను కదలకుండా నిలబడింది ఆ ఒక్కరోజే.

ఆ బొమ్మ చూడడానికి జనం వచ్చారు. "నీళ్ళు కదుల్తున్నాయండీ, ఎలా పట్టారు?" అని అడిగారు. ఆయన నవ్వి, "ఇన్నేళ్ళుగా ఆ నీళ్ళనే చూస్తున్నాను కదండీ," అన్నారు. నేను టీ పళ్ళెంతో అక్కడే ఉన్నాను. నావైపు తిరగలేదు. ఆయనకి నేను కనబడలేదేమోనని చాలా ఏళ్ళు ఆయన తరఫున నేనే వాదించుకున్నాను. ఎవరెంత అడిగినా మాత్రం ఆ ఒక్క బొమ్మ అమ్మలేదు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు మా అబ్బాయి అంటున్నాడు: "బట్టల నీలం అని తెలిస్తే నవ్వుతారమ్మా. నాన్న పేరు పోతుంది. అయినా నువ్వు పెట్టిందెంత, గుప్పెడు పొడి!"

గుప్పెడే. అది తీసేస్తే మిగిలేది బురద. మేడల మీద వెలుగుంటుంది గానీ, ఆ వెలుగు దిగడానికి చోటుండదు.

కళ్ళ సంగతి చెప్పనని ఒట్టేశాను. చేతి సంగతి చెప్పనని వెయ్యలేదు. కానీ రెండోది చెప్పాలంటే మొదటిది రాక తప్పదు. నాలుగు రోజులు పట్టింది అక్షరాలు రాక కాదు తల్లీ, ఇందుకే.

అరవై ఏళ్ళు వచ్చేదాకా నాది వేలిముద్రే. బ్యాంకులో, ఆసుపత్రిలో, పోయాక ఆయన్ని మాకు అప్పగించిన కాగితం మీద. ఎవరో ఒకరు నా వేలు పట్టుకుని సిరాలో ముంచి నొక్కేవారు. తర్వాత, "అదిగో గుడ్డ, తుడుచుకో," అనేవారు. ఆ నీళ్ళలో మాత్రం నా వేలు ఎవరూ పట్టుకోలేదు.

కాబట్టి తుడవకు. భూతద్దం పెట్టి చూడు, గీతలు కనబడతాయి. కుడి మూలన ఆయన సంతకం ఉంది, దాన్ని అలాగే ఉండనివ్వు.

నా వయసు డెబ్బై ఒకటి. ఉండేది అబ్బాయి ఇంట్లో, వెనక గదిలో. ఇక్కడినుంచి నీళ్ళు కనబడవు. పేరు రాయడం ఇప్పుడు వచ్చు. అయినా ఈ కాగితం చివర నీలంతో వేలిముద్ర వేశాను. నీళ్ళలో ఉన్నవాటితో పోల్చి చూసుకో.