గురువారాల చిన్నిల్లు

భీమరాజుకి రాజమండ్రిలో చిన్నిల్లుందని మండపేటంతా తెలిసిన ఏడాదికి, ఆ ఇంటిని కళ్ళతో చూడాలని అతని భార్య మాణిక్యాంబ నిర్ణయించుకుంది.

ప్రతి గురువారం మధ్యాహ్నం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూటరు మీద బయల్దేరేవాడు. ఎక్కడికని అడిగితే "పనుంది" అనేవాడు. మనిషి మారడం అంతకు ముందే మొదలైంది. పెళ్ళిళ్ళలో విస్తరి ముందు నుంచి సగంలో లేచి వెళ్ళిపోయేవాడు. సినిమాకి రాడు. కారెక్కడు. పడుకునే గది తలుపు వెయ్యనివ్వడు. వీటన్నిటికీ మాణిక్యాంబ ఒకటే అర్థం చెప్పుకుంది. ఆయన మనసు ఈ ఇంట్లో లేదు.

పేరంటాల్లో ఆడవాళ్ళు ఆమె చేతిలో ఒక అరటిపండు ఎక్కువ పెట్టేవారు. ఆ పండు ఎందుకో ఆమెకి తెలుసు. ఇంటికొచ్చి ఆవుకి వేసేది.

చివరికి ఆమె తమ్ముడు తాతాజీ దగ్గర కారు డ్రైవరుగా ఉన్న లోవరాజు ఆ ఇల్లు కనిపెట్టాడు. ముందు ఊళ్ళో చెప్పి, తర్వాత ఆమెకి చెప్పాడు.

"దానవాయిపేటండి. మేడ మీద వాటా. ఒకావిడే తలుపు తీశారండి. కళ్ళజోడు కూడా ఉందండి," అన్నాడు, కళ్ళజోడుండటం మరీ ఘోరమన్నట్టు.

ఆ గురువారం ముగ్గురూ కారులో వెళ్ళారు. గేటు పక్కన భీమరాజు స్కూటరుంది. తాతాజీ చొక్కా చేతులు మడిచాడు.

"నువ్వు కిందుండక్కా. బావతో నేను మాట్లాడతాను."

"కాపురం నాది. నువ్వుండు," అని ఆమె మెట్లెక్కింది.

పైన ముందుగది తలుపు తీసే ఉంది. నలభై ఏళ్ళావిడ కళ్ళజోడు పెట్టుకుని, లోపలి గది మూసిన తలుపు పక్కన కుర్చీలో కూర్చునుంది. గుమ్మంలో భర్త చెప్పులు. మాణిక్యాంబ ఏమీ అడగకుండా ఆ తలుపు వైపు నడిచింది.

"అమ్మా, ఆ తలుపు తియ్యకండి," అంది ఆవిడ లేచి.

మాణిక్యాంబ తీసింది.

లోపల మంచం లేదు. కిటికీ లేదు. చీపుళ్ళు, ఫినాయిలు సీసాలు, పాత పేపర్ల కట్టలు పెట్టుకునే ఇరుకు గది. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ. అందులో ఎవరో ముసలాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించి, తడిసిన చొక్కాతో కూర్చునున్నాడు. అది తన భర్తేనని గుర్తు పట్టడానికి ఆమెకి కాసేపు పట్టింది.

అతను ఆమెని చూసి కూడా ఆవిడతోనే మాట్లాడాడు.

"ఇంకాసేపుంటే దిగిపోయేదండి."

ఆవిడ మాణిక్యాంబకి కుర్చీ జరిపి, మంచినీళ్ళిచ్చింది. పేరు సత్యశ్రీ అని, మనసు జబ్బులకి మాటలతో వైద్యం చేస్తానని చెప్పింది. మిగతాది భీమరాజే, గోడకేసి చూస్తూ చెప్పుకొచ్చాడు. మూడేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో, పంక్తి మధ్యలో, గుండె దడదడలాడి ఊపిరందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాడు. కాకినాడలో ఈసీజీ తీస్తే గుండె బాగానే ఉందన్నారు. అప్పట్నుంచి అది మళ్ళీ ఎక్కడొస్తుందోననే భయం. తలుపు దగ్గరగా లేని చోటల్లా భయమే.

"భయం ఎక్కుతుందండి. కూర్చున్న చోటే కూర్చుంటే దానంతటదే దిగుతుంది," అంది సత్యశ్రీ. "పారిపోయే మనిషికి అది దిగుతుందని ఎప్పటికీ తెలీదు. మొదట్లో వీరు ఈ గదిలో తలుపు తీసుకుని కూర్చునేవారు. ఇప్పుడు మూసుకుంటున్నారు."

"నాకు చెప్పచ్చుగా," అంది మాణిక్యాంబ భర్తతో. "నేనేమనుకుంటున్నానో తెలుసా మీకు?"

"తెలుసు."

"ఏం తెలుసు?"

"చిన్నిల్లనుకుంటున్నావని. ఊళ్ళో కూడా అదే అనుకుంటున్నారని."

"తెలిసే ఊరుకున్నారా?"

"చిన్నిల్లుంటే ఎవరూ నవ్వరు మాణిక్యం. దీనికైతే నవ్వుతారు."

మాణిక్యాంబ గ్లాసు కింద పెట్టేసింది. ఆ చీకటి గది చూసినప్పుడు కూడా ఆమె ఇంత అదిరిపోలేదు. ఏడాదిగా తను మింగిన ప్రతి అవమానమూ ఈయనకి తెలుసు. ఆవుకి వేసిన ప్రతి పండూ తెలుసు.

"మరి నన్ను చూసి జాలిపడితే ఫరవాలేదా?"



"ఇంట్లో వాళ్ళకి చెప్పమని ఆర్నెల్లుగా అడుగుతున్నానండి," అంది సత్యశ్రీ నెమ్మదిగా. "గదిలో కూర్చోవడం కంటే అదే కష్టమంటారు. ఇవాళ మీకు తెలిసింది."

"తెలిసింది. ఆయన చెప్పలేదు, నేను చూశాను," అని మాణిక్యాంబ లేచింది. "కింద తమ్ముడున్నాడు. వాడికి చెప్పండి."

కింద తాతాజీ గేటుకి ఆనుకుని ఉన్నాడు. "ఏం బావా, మేడ మీద కాపురం చల్లగా ఉందా?" అన్నాడు. లోవరాజు కారు అద్దం తుడుస్తూ దూరంగా నిలబడ్డాడు.

భీమరాజు చెప్పాడు. రెండు చోట్ల ఆగి, మొత్తం చెప్పాడు.

తాతాజీ నవ్వబోయి ఆగిపోయాడు. అక్క మొహం చూశాడు.

"మీకు భయమేంటండి బావగారూ. ఎనభై ఆరు గోదారి వరదలో గట్టు మీద ఒంటరిగా పడుకున్న మనిషి మీరు."

"గట్టుకి తలుపులుండవురా."

తాతాజీ అక్కని పక్కకి లాగాడు. "ఇది బయటికి రాకూడదక్కా. పిచ్చంటారు. చిన్నిల్లనే అనుకోనీ. ఉంటే మాత్రం ఏంటి, మగాడన్నాక సర్దుకుపోమా?"

కొట్లాటకని చేతులు మడిచి వచ్చిన తమ్ముడిని ఆమె అలాగే చూస్తూ ఉండిపోయింది.

"సర్దుకుపోయేది ఎవర్రా?" అంది.

తాతాజీ తల దించుకున్నాడు. ఆ మాట భీమరాజుకి వినబడింది. కాసేపు స్కూటరు వైపు, కాసేపు కారు వైపు చూశాడు. తర్వాత వెళ్ళి కారు వెనక సీట్లో మధ్యలో కూర్చున్నాడు.

"స్కూటరు రేపు తెప్పించుకుందాం. ఎక్కండి. డోర్లు వేసెయ్యి లోవరాజూ."

కారు కడియం దాటేసరికి అతని చొక్కా మళ్ళీ తడిసిపోయింది. ఒక పక్క మాణిక్యాంబ, ఇంకో పక్క తాతాజీ. భీమరాజు ముందు సీటు అంచు పట్టుకున్నాడు.

"లోవరాజూ," అన్నాడు, "నువ్వు ఊళ్ళో చెప్పిన ఇల్లు ఉంది చూడు, అది డాక్టరుగారిది. రోగిని నేను. ఈ మాట కూడా అందరికీ చెప్పు."

లోవరాజు అద్దంలోంచి ఆయన్ని చూశాడు. "అలాగేనండి," అన్న మాట సగమే బయటికొచ్చింది.

భీమరాజు ఊపిరి ఎగపోస్తున్నాడు. తాతాజీ కంగారుగా కిటికీ అద్దం దించబోయాడు. మాణిక్యాంబ భర్త మీదుగా చెయ్యి చాపి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆమె కోపం ఇంకా తగ్గలేదు.

"ఉండరా," అంది. "దిగుతుంది."